బస్తా విప్పే అధికారం ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – విశ్రాంత డీఎస్పీ జవాబులు

పోయిన సంచికలో లంబసింగి ఘాట్ మీద రాత్రి చెక్‌పోస్టు ఎలా ఉంటుందో రాశాక ఉత్తరాలు చాలా వచ్చాయి. నేను 33 ఏళ్లు ఖాకీ వేసుకున్నాను. అందులో 11 ఏళ్లు నర్సీపట్నం, చింతపల్లి, పాడేరు చుట్టూనే గడిచాయి. ఆ అనుభవంతోనే ఈసారి గంజాయి, మాదకద్రవ్యాల మీద వచ్చిన ప్రశ్నలకు జవాబులిస్తున్నాను.

మా ఊరి దగ్గర హైవే మీద ఒకరోజు స్టేషన్ పోలీసులు ఆపుతారు, ఇంకోరోజు ఎక్సైజు వాళ్లు, మొన్న ‘ఈగల్’ వాళ్లమంటూ ఆపారు. పేపర్లో చూస్తే ఎన్‌సీబీ, డీఆర్‌ఐ అని మరికొన్ని పేర్లు. ఒక్క గంజాయికి ఇంతమంది ఎందుకండీ?
– డిగ్రీ విద్యార్థి, అనకాపల్లి

బాబూ, ఒక గంజాయి బస్తా వెంట కొంతదూరం నడువు, నీకే తెలుస్తుంది.

మల్కన్‌గిరి కొండల్లో కోసి ఎండబెట్టిన సరుకు సీలేరు, దారకొండ మీదుగా చింతపల్లి వచ్చి, నర్సీపట్నం దిగి, తుని దగ్గర హైవే ఎక్కిందనుకో. ఈ దారిలో పోలీసులకు ఎక్కడ దొరికినా కేసు ఆ ఊరి స్టేషన్‌దే. ఎక్సైజు వాళ్లకు దొరికితే కేసు వాళ్లే కడతారు. అదే బస్తా అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండోల్ లైన్లో రైలెక్కితే ఆర్‌పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం, పట్టుకోవచ్చు. సోదా చేసి అరెస్టు చేసే అధికారం వాళ్లకు 2019లో ఇచ్చారు. దర్యాప్తు మాత్రం వాళ్ల పని కాదు. మనిషినీ సరుకునూ రైల్వే పోలీసులకో మరో దర్యాప్తు సంస్థకో అప్పగించాలి. ఆ బస్తా మూడు నాలుగు రాష్ట్రాలు దాటే ముఠాదైతే ఎన్‌సీబీ, అంటే కేంద్ర నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో, రంగంలోకి దిగొచ్చు. ఇది 1986 మార్చిలో పుట్టింది, కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తుంది. ఓడరేవుకు కంటైనర్లో వస్తే కస్టమ్స్, డీఆర్‌ఐ (రెవెన్యూ నిఘా సంస్థ) చూస్తాయి. ఇవి ఆర్థికశాఖ కిందివి.

ముంద్రా గుర్తుందా? 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ఆ రేవులో డీఆర్‌ఐ 2,988 కిలోల హెరాయిన్ పట్టుకుంది. టాల్కం రాళ్ల పేరుతో అఫ్గానిస్తాన్ నుంచి ఇరాన్ రేవు మీదుగా వచ్చింది. దిగుమతిదారు చిరునామా మన విజయవాడది! తర్వాతి నెలలోనే కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకు వెళ్లింది. సరుకు గుజరాత్‌లో, చిరునామా ఆంధ్రాలో, పంపినవాడు దేశం బయట. ఒక్క స్టేషన్ ఎస్సై దాని వెంట ఎంతదూరం పోగలడు? అందుకే ఇన్ని శాఖలు. అందరి చేతిలో ఉన్నది మాత్రం ఒకే చట్టం, 1985 నాటి ఎన్‌డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టం. నేను చెప్పే సెక్షన్లన్నీ దానివే.

ఇక ఈగల్ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఎస్‌ఈబీ (స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో) అని ఒకటి పెట్టారు. మద్యం, ఇసుక, గంజాయి అన్నీ దాని నెత్తినే. ఇసుక లారీ వెనక పరుగెత్తే మనిషినే గంజాయి లారీ వెనక కూడా పరుగెత్తమంటే రెండూ జారిపోతాయన్నది నా అభిప్రాయం. 2024లో దాన్ని ఎత్తేసి, ఆ నవంబరులో మాదకద్రవ్యాల కోసమే ఐజీ స్థాయి అధికారి కింద ఈగల్‌ను ఏర్పాటు చేశారు. తెలంగాణలో 2022లో హైదరాబాద్ సిటీ పోలీసులు మాదకద్రవ్యాల కోసం హెచ్-న్యూ అనే విభాగం పెట్టారు. 2023లో రాష్ట్రం మొత్తానికి నార్కోటిక్స్ బ్యూరో వచ్చింది. 2025 జూన్‌లో దానికీ ఈగల్ అనే పేరు పెట్టారు. పేరు ఒకటే అయినా రెండూ వేర్వేరు రాష్ట్రాల సంస్థలు. చాలామంది పొరబడుతున్నారు కాబట్టి చెబుతున్నాను.

ఇంతమంది మధ్య సమాచారం ఎక్కడో ఒకచోట ఆగిపోకుండా 2016లో ఎన్‌కార్డ్ అనే సమన్వయ వ్యవస్థ పెట్టారు. ఢిల్లీలో హోం సెక్రటరీ దగ్గర మొదలై, రాష్ట్రంలో చీఫ్ సెక్రటరీ, జిల్లాలో కలెక్టరు దాకా కమిటీలున్నాయి. జిల్లా సమావేశంలో పోలీసు, ఎక్సైజు, అటవీ, రెవెన్యూ, ఆరోగ్య శాఖల వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. నా సర్వీసు తొలి రోజుల్లో అటవీ గార్డుకు తోట ఎక్కడుందో తెలిసేది, మాకు తెలిసేది కాదు. అడిగితే చెప్పేవాడు. అడిగేవాళ్లమే లేము.

ఎన్ని శాఖలు పెట్టినా గంజాయి ఆగడం లేదు. మిలిటరీని దించితే నెలలో తుడిచిపెట్టేస్తారు కదా! ప్రభుత్వం ఎందుకు వెనకాడుతోంది?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

అయ్యా, మీ కోపం నాకు తెలుసు. అదే మాట నేనూ ఒకప్పుడు అన్నాను. కానీ సైనికుడికి నేర్పేది శత్రువును ఓడించడం. గంజాయి కేసులో మనకు కావలసింది వేరు. పట్టుకున్న మనిషి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబడాలి. అతని వెంట సరుకూ, తూకమూ, సాక్షి సంతకమూ వెళ్లాలి. ఆ పనికి సైన్యం తయారుకాలేదు. అంతమాత్రాన సైన్యం తక్కువేమీ కాదు.

మెక్సికోను చూడండి. 2006 డిసెంబరులో అక్కడి అధ్యక్షుడు ఫెలిపె కాల్డెరోన్ మాదకద్రవ్య ముఠాల మీదికి వేల మంది సైనికులను పంపారు. ముఠా నాయకులు కొందరు దొరికారు, కొందరు చచ్చారు. పెద్ద ముఠా విరిగి నాలుగైదు చిన్న ముఠాలైంది. అవి ఒకదానితో ఒకటి కొట్టుకుని ఊళ్లను నెత్తురుమయం చేశాయి. ఇంకో సంగతి అంతకన్నా భయం పుట్టిస్తుంది. అక్కడి ‘సేతాస్’ అనే క్రూరమైన ముఠాకు పునాది వేసింది సైన్యంలోని ప్రత్యేక దళాల నుంచి పారిపోయినవాళ్లే. ఆ శిక్షణ, ఆ ఆయుధవిద్య అంతా ముఠా చేతికి పోయింది. బాగా శిక్షణ పొందిన మనిషిని డబ్బు సంచుల పక్కన ఏళ్ల తరబడి నిలబెట్టడం ఎంత ప్రమాదమో అక్కడ కనిపిస్తుంది. పోలీసులకు ఆ ప్రమాదం లేదని నేను అనడం లేదు. మా శాఖలోనూ చెడిపోయినవాళ్లను చూశాను. అయితే సైన్యం చెడితే దేశానికి వెనక నిలబడే బలమే పోతుంది.

అమెరికాది మరో పద్ధతి. సైన్యాన్ని పౌర చట్టాల అమలుకు వాడకూడదని వాళ్లకు 1878 నుంచే చట్టముంది. కానీ సముద్రంలో మాదకద్రవ్యాల పడవను తరిమే పెద్ద ఓడలు నౌకాదళం దగ్గర ఎక్కువ. అందుకని నౌకాదళం ఓడలోనే చిన్న కోస్ట్‌గార్డు బృందం ప్రయాణిస్తుంది. వాళ్లకు మాత్రం అరెస్టు అధికారం ఉంటుంది. పడవను పట్టుకోబోయే వేళకు ఆ యుద్ధనౌక మీద కోస్ట్‌గార్డు జెండా ఎగరేసి, ఆ పని వరకు వాళ్ల ఆజ్ఞ కిందికి తెస్తారు. బలం ఒకరిది, అధికారం ఇంకొకరిది అని ఎంత శుభ్రంగా విడదీశారో చూడండి!

మన దేశంలోనూ దాదాపు అదే సూత్రం. మయన్మార్ సరిహద్దు 1,643 కిలోమీటర్లు. అక్కడ కాపలా కాసే అస్సాం రైఫిల్స్‌లో అధికారులు ఆర్మీ నుంచే వస్తారు, పాలన హోంశాఖది. మెత్ (మెథాంఫెటమిన్) మాత్రలు, హెరాయిన్ పట్టుకుంటారు, ఆపైన స్థానిక పోలీసులకో కస్టమ్స్‌కో అప్పగిస్తారు. పంజాబ్ సరిహద్దులో రాత్రిపూట డ్రోన్లు జారవిడిచే హెరాయిన్ పొట్లాలను ఏరుతున్నది బీఎస్‌ఎఫ్.

సముద్రం మీదైతే మన బలగాలు నిజంగా గర్వపడే పని చేస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో గుజరాత్ తీరానికి దూరంగా నౌకాదళమూ ఎన్‌సీబీ కలిసి ఒక పడవలో సుమారు 3,300 కిలోలు పట్టుకున్నాయి. అందులో ఎక్కువ భాగం చరస్, అంటే గంజాయి మొక్క జిగురు. అదే ఏడాది నవంబరులో అండమాన్ దగ్గర, బ్యారెన్ దీవి సమీపంలో, అనుమానంగా తిరుగుతున్న చేపల పడవను కోస్ట్‌గార్డు విమానం పైనుంచి కనిపెట్టింది. పడవను ఆపి వెతికితే 5,500 కిలోలకు పైగా మెత్, రెండేసి కిలోల పొట్లాలుగా! అందులోని ఆరుగురూ మయన్మార్ వాళ్లు. 2025 మార్చి 31న ఐఎన్‌ఎస్ తర్కశ్ పశ్చిమ హిందూ మహాసముద్రంలో 2,500 కిలోలకు పైగా పట్టుకుంది. విమానం, ఓడ, కమాండోలు లేకుండా ఈ పనులు కావు. నేను జీపేసుకుని వెళ్లి చేయగలిగినవి కావు. అక్కడ రక్షణ బలగాలే ఉండాలి.

మన కొండల సంగతి అది కాదు. అక్కడ తోట వేసింది మన గిరిజన రైతు. విత్తనమిచ్చి, ముందే డబ్బిచ్చి వేయించింది మైదానం నుంచి వచ్చిన వ్యాపారి. ఆ ఊరి మీదికి సైన్యాన్ని పంపితే దొరికేది రైతే. తుపాకీ అక్కర్లేదని కాదు. మావోయిస్టుల కాలంలో గ్రేహౌండ్స్, సీఆర్‌పీఎఫ్ తోడు లేకుండా లోపలి ఊళ్లకు వెళ్లలేకపోయేవాళ్లం. కానీ 2021 చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో 7,500 ఎకరాలకు పైగా తోటలు కొట్టేయగలిగారంటే ఊరి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడటం వల్ల, రెవెన్యూ, అటవీ, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్లను వెంట తీసుకెళ్లడం వల్ల. చాలా ఊళ్లలో కత్తి పట్టి మొక్క నరికింది ఊరివాళ్లే. ఆ తర్వాత 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు.

నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టాను. వందల కిలోలు పట్టుకున్న కేసులు కూడా కోర్టులో వీగిపోవడం చూస్తున్నాను. పోలీసులే లాలూచీ పడుతున్నారా?
– జూనియర్ న్యాయవాది, విజయనగరం

లాలూచీ కేసులు ఉంటాయి. వాటిని వెనకేసుకొని రాను. కానీ ఎక్కువ కేసులు వీగేది కాగితం దగ్గర. అలా వీగిన ఒక కేసు నాదే.

2009 చలికాలం. రాత్రి 11 దాటాక ఒక మనిషి ఫోన్ చేశాడు. ఫలానా ఊరి చివర రేకుల ఇంట్లో సరుకు దించారు, తెల్లారేలోపు పోతుంది అని. నలుగురిని జీపెక్కించుకుని పరుగెత్తాను. తలుపు కొడితే ముగ్గురు దొరికారు. బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, ఊళ్లో కిరాణా కొట్టు తలుపు తట్టి తెచ్చిన కాటా మీద తూస్తే 214 కిలోలు. ఆ చలికి లక్క కరిగి కరగక సీలు సరిగ్గా పడలేదు, నాలుగుసార్లు వేశాం. తెల్లారి స్టేషన్‌కు వచ్చి జీడీలో, అంటే స్టేషన్ డైరీలో, అంతా రాశాను. ఎస్పీగారు మెచ్చుకున్నారు, పేపర్లో ఫొటో వచ్చింది.

నాలుగేళ్లకు విచారణలో ముద్దాయి వకీలు నన్ను మూడే ప్రశ్నలడిగారు. సమాచారం ఎన్నింటికి వచ్చింది? ఇల్లు సోదా చేయకముందు దాన్ని ఎక్కడ రాశారు? దాని నకలు పై అధికారికి ఎప్పుడు పంపారు? నా దగ్గర మొదటిదానికే జవాబుంది. 42వ సెక్షను చాలా స్పష్టంగా చెబుతుంది. వచ్చిన సమాచారం రాతలో పెట్టాలి, 72 గంటల్లోగా నకలు పై అధికారికి చేరాలి. పొద్దుగూకాక వారంటు లేకుండా ఇంట్లోకి వెళ్తే ఎందుకు ఆగలేకపోయారో ఆ కారణం కూడా రాయాలి. హడావిడిలో ఆలస్యమైతే, కారణం చెప్పగలిగితే కోర్టు మన్నిస్తుంది. అసలు రాయనేలేదంటే మన్నించదు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2009లోనే ఆ మాట చెప్పింది. నా కేసు కొట్టేశారు. న్యాయమూర్తిని తప్పుపట్టలేను. తప్పు నాదే.

తర్వాత ఆరు నెలలకు ఆ ముగ్గురిలో ఒకడు బస్టాండు టీ కొట్టు దగ్గర కనపడి, లేచి నిలబడి ‘నమస్తే సార్’ అన్నాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఒక బైండు పుస్తకం, కార్బన్ కాగితాలు కొని జీపులో పెట్టించాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఫోన్ రాగానే ముందు రాత, నకలు ఇచ్చి ఒక కానిస్టేబుల్‌ను మోటారు సైకిల్ మీద పంపడం, ఆ తర్వాతే బయల్దేరడం. పది నిమిషాలు పోతాయి. పోనీ.

మీరు రోడ్డు మీద లారీ కేసులు చూస్తుంటే అక్కడ 43వ సెక్షను వర్తిస్తుంది, నిబంధన వేరు. ఒంటి మీద వెతకాలంటే 50వ సెక్షను. గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా కోరే హక్కు ఉందని ముద్దాయికి చెప్పి తీరాలి. ఆడమనిషిని ఆడమనిషే వెతకాలి. శాంపిళ్లు మేజిస్ట్రేటు ఎదుట తీయాలని 52-ఏ చెబుతుంది. సుప్రీంకోర్టు 2016లో దీన్ని గట్టిగా చెప్పాక కూడా ఘటనాస్థలంలోనే శాంపిల్ తీసి పంపిన కేసులు నాకు తెలుసు. మీరు ముద్దాయి తరఫున నిలబడినా సరే, ఈ ప్రశ్నలు అడగండి. మీరు అడిగితేనే మావాళ్లు నేర్చుకుంటారు.

మా బడిలో పదో తరగతి చదివిన కుర్రాడు 22 కిలోలతో దొరికాడు. 19 ఏళ్లు. మోసినందుకు కొద్ది వేలు ఇస్తామన్నారట. వాడే ఏ-1, మొదటి ముద్దాయి. సరుకు ఇచ్చినవాడు, కొనేవాడు ‘పరారీ’. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుని ఏడుస్తోంది. ఏం చెప్పను సార్?
– ఉపాధ్యాయుడు, జి.మాడుగుల మండలం

మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ముందు ఆ తల్లికి పనికొచ్చేది చెబుతాను. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దృష్టిలో వ్యాపార పరిమాణం. శిక్ష పదేళ్లకు తగ్గదు, 37వ సెక్షను వల్ల బెయిలు చాలా కష్టం. అంటే ఆ రెండు కిలోల తేడా ఆ కుర్రాడి జీవితమంతటి బరువు. కాబట్టి తూకం ఎలా వేశారో, సంచితో కలిపి తూచారా అన్నది వకీలు చూడాలి. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. అదీ చూడాలి. షెడ్యూల్డ్ తెగలవారికి ఉచితంగా వకీలును పెట్టించుకునే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు రాసివ్వండి. మీరే దగ్గరుండి రాయించండి, ఆమెకు దారి తెలియదు.

ఇక మీరు అడగకుండా అడిగిన ప్రశ్న: పైవాళ్లు ఎందుకు దొరకరు? దొరకనివ్వకుండానే ఆ వ్యాపారం కట్టుకుంటారు. మోసేవాడికి ఇచ్చేవాడి అసలు పేరు తెలియదు. సరుకు బండికి రెండు కిలోమీటర్ల ముందు ‘పైలట్’ బండి పోతుంటుంది. చెక్‌పోస్టు కనపడగానే ఫోన్ చేస్తుంది. వెనకవాడు బస్తా పొదల్లో పడేసి పోతాడు, లేదా కుర్రాణ్ని వదిలేసి పోతాడు. స్టేషన్ ఎస్సైకి చేతిలో ఇరవై రకాల కేసులు. మోసినవాడితో చార్జిషీటు వేస్తే లెక్క పూర్తవుతుంది.

ఈగల్ లాంటి ప్రత్యేక విభాగాలను నేను సమర్థించేది ఇందుకే. వాళ్ల పని బస్తాతో ఆగకూడదు. కాల్ రికార్డులు, యూపీఐ చెల్లింపులు, లాడ్జి రిజిస్టర్లు పట్టుకుని వెనక్కీ ముందుకూ పోవాలి. కుట్రకు 29వ సెక్షను ఉంది, పెట్టుబడి పెట్టినవాడికి 27-ఏ ఉంది. పదే పదే చేసేవాణ్ని 1988 చట్టం కింద ముందస్తుగా నిర్బంధించవచ్చు. అన్నిటికన్నా పదునైనది ఆస్తి జప్తు. ఇల్లూ పొలమూ స్తంభింపజేస్తూ దర్యాప్తు అధికారి ఉత్తర్వు ఇస్తే, దాన్ని 30 రోజుల్లోగా చెన్నైలోని అధీకృత అధికారి ఖరారు చేయాలి. చెయ్యకపోతే అది చెల్లదు. దానికి లెక్కల పని తెలిసిన మనిషి కావాలి, ఓపిక కావాలి. జైలుకు భయపడని వ్యాపారి ఇల్లు పోతుందంటే భయపడటం నేను చూశాను. మీ కుర్రాడిలాంటివాళ్లు వంద మంది జైల్లో ఉన్నా వ్యాపారికి లోటు రాదు, నూటొకటో కుర్రాడు దొరుకుతాడు. ఎన్ని కిలోలు పట్టారని కాకుండా ఎంతమంది పెట్టుబడిదారుల ఆస్తి జప్తు చేశారని నెలవారీ సమీక్షల్లో అడిగే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను.

కుర్రాడికి పుస్తకాలు పంపండి మాస్టారూ. జైలు నుంచి ఓపెన్ స్కూల్ ఇంటర్ కట్టవచ్చేమో సూపరింటెండెంటును అడగండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాటుకు రాత్రుళ్లు కుర్రాళ్లు వచ్చిపోతుంటారు. ఏదో అమ్ముతున్నారని అనుమానం. చెబితే నా పేరు బయటికి వస్తుందేమోనని భయం.
– గృహిణి, హైదరాబాద్

అమ్మా, భయపడొద్దు. సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని అధికారిని ఎవరూ బలవంతపెట్టలేరని 68వ సెక్షను చెబుతుంది. ఫోన్ చేయాల్సిన నంబరు తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972, దేశమంతటికీ 1933. వచ్చే బండ్ల నంబర్లు, వేళలు చెప్పండి చాలు. మీరు వెళ్లి తలుపు తట్టవద్దు, ఫొటోలు తీయవద్దు. ఆ వచ్చేవాళ్లలో మీకు తెలిసిన పిల్లలుంటే వాళ్ల అమ్మానాన్నలకు 14446 నంబరు ఇవ్వండి. అది వ్యసనం మాన్పించే సహాయానికి. చికిత్సకు తానై ముందుకొచ్చిన వ్యసనపరుణ్ని ప్రాసిక్యూషన్ నుంచి కాపాడే వీలు 64-ఏలో ఉంది. అమ్మేవాడికి అది వర్తించదు.

సార్, ఎస్సై పరీక్షకు చదువుతున్నాను. ఈగల్‌లో చేరాలని ఉంది. రోజూ పది కిలోమీటర్లు పరుగెడుతున్నాను. ఇంకేం చెయ్యాలి?
– పాడేరు

పరుగు మానొద్దు తమ్ముడూ, ఘాట్‌లో పనికొస్తుంది. కువి, ఒడియా ఏది కాస్త వచ్చినా ఇంకా పెంచుకో. ఆ భాష తెలిసినవాడికే ఊళ్లో మంచం వేసి కూర్చోబెడతారు.

దాంతోపాటు ఈ వారం ఒక పని చెయ్యి. నీకు రాత్రి 11.20కి ఫోన్ వచ్చిందనుకో. ఊరి చివర ఇంట్లో సరుకుందన్నారు. ఒక తెల్లకాగితం మీద పై అధికారికి పంపే సమాచార నివేదిక రాయి, ఇంకో కాగితం మీద మధ్యవర్తుల నివేదిక రాయి. ఎవరెవరు ఉన్నారు, తలుపు ఎవరు తీశారు, కాటా ఎక్కడిది, సీలు మీద ఏ అక్షరాలున్నాయి, ఎన్నింటికి మొదలుపెట్టి ఎన్నింటికి ముగించారు, అన్నీ ఉండాలి. రెండూ పత్రిక చిరునామాకు పంపు. ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతాను.